నీటిగండం, నేరేడు వైను

నాకు నీటిగండం ఉందని యాభై నాలుగేళ్ళ పాటు మా వాళ్ళందరికీ తెలుసు. నా పురుడు వెళ్ళగానే జాతకం రాసినాయన చెప్పాడట, ఈ పిల్లని ఏటికీ చెరువుకీ పంపకండి అని. నందిగామలో మా పుట్టింటి నుంచి మునేరు నడిచి వెళ్ళేంత దూరం. ఎండాకాలం సెలవుల్లో నాన్న అన్నయ్యని సైకిలు మీద ఎక్కించుకుని ఈతకి తీసుకెళ్ళేవాడు. నేను గుమ్మంలో నిలబడి ఏడ్చేదాన్ని. అమ్మ నా చెయ్యి పట్టుకునేది. ఎంత గట్టిగా పట్టుకునేదంటే గాజులు నొక్కుకుని మణికట్టు మీద అచ్చు పడేది. నాన్న జాలిగా ఒకసారి నా వైపు చూసి, జాతకం మాట గుర్తొచ్చి, సైకిలు తొక్కుకుంటూ వెళ్ళిపోయేవాడు.

ఆ తర్వాత నా బతుకంతా చెప్పుల కాపలాయే. బడి వాళ్ళు వేదాద్రి తీసుకెళితే పిల్లలందరూ కృష్ణలో దిగారు, నేను గట్టున కూర్చుని ముప్ఫై జతల చెప్పులకి కాపలా కాశాను. పెళ్ళయి జగ్గయ్యపేట వచ్చాక, అమ్మ మా అత్తగారికి సారెతో పాటు ఈ గండం సంగతి కూడా అప్పగించి వెళ్ళింది. బందరు వెళ్ళి సముద్రం చూసినప్పుడు వాచీలు, ఫోన్లు, పర్సులు అన్నీ నా ఒళ్ళోనే. పుష్కరాల్లో ముక్త్యాల రేవులో లోకమంతా మునుగుతుంటే, మా ఆయన చెంబుతో నీళ్ళు తెచ్చి మెట్ల మీద నా నెత్తిన పోశాడు. అమ్మ ఆ రోజు నందిగామ నుంచి పనిగట్టుకుని వచ్చింది, నన్ను కనిపెట్టుకుని ఉండటానికి. తనూ మెట్ల మీదే చెంబునీళ్ళు పోసుకుంది. నాకు తోడుగా అలా చేసిందనుకున్నాను.

ఇదంతా నవ్వుతూ భరించానని చెప్పను. నాకు కోపం తొందరగా వస్తుంది, వచ్చింది తొందరగా పోదు. ఎవరైనా నీళ్ళలోంచి తడి తలతో వచ్చి, అబ్బ ఎంత హాయిగా ఉందో అంటే, ఆ హాయి వాళ్ళ నెత్తిన కొట్టాలనిపించేది. అయినా ఎప్పుడూ దిగలేదు. భయం కూడా ఉంది మరి. కోపమూ భయమూ రెండూ ఉన్న మనిషి గట్టునే కూర్చుంటుంది.

మొన్న చలికాలంలో మా వదిన మైలవరం నుంచి వచ్చి మా ఇంట్లో వారం రోజులుంది. వదినంటే మా ఆయన అక్క. అరవై దాటినా ఆవిడ కాలు ఒక చోట నిలవదు. ఫోనులో ఎవరో పరాయి దేశపు దీవికి వెళ్ళిన ఫోటోలు చూపిస్తూ కూర్చుంది. నీళ్ళ మీద చెక్క ఇళ్ళు, నీలం సముద్రం, బల్ల మీద వేయించిన చేప, పక్కన గాజు గ్లాసులో ఎర్రటి వైను. చచ్చేలోగా ఒక దీవి చూడాలి రా తమ్ముడూ అంది. మా ఆయన ఎరువుల కొట్టు నుంచి అప్పుడే వచ్చి చేతులు కడుక్కుంటున్నాడు.

"దీవి మనకీ ఉందిగా అక్కా. దానికి విమానం ఎందుకు, ఆటో చాలు" అన్నాడు.

ముక్త్యాల దిగువన కృష్ణ మధ్యలో ఒక లంక ఉంది. మా కొట్లో ఎరువులు కొనే ఒకాయన అక్కడ దోసా, వంగా, ఆనపా వేస్తాడు, తీరికప్పుడు చేపలు పడతాడు. ఎన్నాళ్ళ నుంచో రమ్మంటున్నాడు. ఆయన పాకలో రెండు రోజులు ఉండొచ్చన్నమాట. దీవి అయింది, చేప అయింది. ఇక వైను సంగతి వచ్చేసరికి మా ఆయన మొహం వెలిగిపోయింది, ఎందుకంటే ఆయన దగ్గర అది కూడా ఉంది.

వైను గురించి చెప్పాలి. జూన్‌లో నేరేడు పళ్ళ బండ్లు వచ్చినప్పుడు ఈయన పది కిలోలు తెచ్చి, ఫోనులో ఎవరో చెప్పింది విని, బెల్లం కలిపి, గుడ్డ కట్టి, వంటింటి మూల పెట్టాడు. దేంట్లో పెట్టాడయ్యా అంటే, మా అమ్మ నా సారెలో పెట్టిన ఆవకాయ జాడీలో. ముప్ఫై ఏళ్ళు ఆవకాయ ఊరిన జాడీ అది. చింతపండుతో తోమానన్నాడు, నాలుగు రోజులు ఎండలో పెట్టానన్నాడు. ఇంట్లో గాజు సీసాలు లేవా అంటే, జాడీలో ఊరితేనే రుచి అని నాకే పాఠం చెప్పాడు. మన ఇళ్ళలో ఏది ఊరాలన్నా జాడీలోనే ఊరాలి, ఇంకో దారి ఈ మనిషికి తట్టదు. ఆరు నెలల తర్వాత మూత తీస్తే ముందు నేరేడు వాసన, వెనకాలే ఆవపిండి వాసన. అలాంటిదేం లేదు, నీ ముక్కే అలా ఉంది అన్నాడు.

నేను రానన్నాను. గట్టున కూర్చునే దానికి గట్టు ఎక్కడైనా ఒకటేగా. కానీ లంకకి వెళితే నాలుగు పక్కలా గట్టే కదా అన్నది వదిన. ఆ మాటకి నవ్వొచ్చి ఒప్పుకున్నాను. అమ్మకి మాత్రం చెప్పలేదు. రోజూ పొద్దున ఏడింటికి అమ్మ ఫోను చేస్తుంది. మైలవరం వెళ్తున్నా, వదినని దింపి రెండు రోజులుండి వస్తానని చెప్పాను. ఎనభై రెండేళ్ళ మనిషికి నదిలోకి వెళ్తున్నానని చెప్పి ఆమె నిద్ర పాడు చెయ్యడం దేనికి అనుకున్నాను. నిజానికి, వద్దంటుందని చెప్పలేదు.

ఆ లంక రైతే పుట్టి వేసుకుని రేవుకి వచ్చాడు. అది ఎక్కడం నా మొదటి సాహసం. ఇప్పుడవి ఫైబరువి వస్తున్నాయి, గుండ్రంగా పెద్ద పళ్ళెంలా ఉంటాయి. నేను మధ్యలో బియ్యం సంచీని కౌగిలించుకుని కళ్ళు మూసుకున్నాను. మా ఆయన రెండు కూల్‌డ్రింకు సీసాల నిండా వైను పోసుకుని గుండెలకి హత్తుకుని కూర్చున్నాడు. పుట్టి ఒకసారి గిర్రున తిరిగితే ఆయన పట్టుకున్నది సీసాలనే, నన్ను కాదు. ఆ సంగతి ఇప్పటికీ వారానికోసారి గుర్తు చేస్తుంటాను.

లంక చుట్టూ నడవడానికి గంటన్నర పట్టింది. ఒక పక్కంతా రెల్లుగడ్డి, ఇంకో పక్క నల్లటి బండలు, మధ్యలో దోసపాదులు. నీటికాకులు బండల మీద రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. దూరంగా సిమెంటు ఫ్యాక్టరీ గొట్టం కనిపిస్తూనే ఉంది. వదిన మాత్రం దాన్ని చూడనంటే చూడనని అటు వీపు పెట్టి నడిచింది. దీవికి వచ్చినప్పుడు దీవే చూడాలట. మా ఆయన బండల మీద ఫోటోకి నిలబడబోయి, జారి, నడుము దాకా బురదలో కూర్చున్నాడు. లేపడానికి పుట్టి ఆయన, వదిన ఇద్దరూ కావలసి వచ్చింది. నేను లేపలేదు, ఫోటో తీశాను.

మధ్యాహ్నం వాళ్ళు ముగ్గురూ నీళ్ళలో దిగారు. నేను అలవాటు ప్రకారం మూడు జతల చెప్పులు పక్కన పెట్టుకుని ఇసకలో కూర్చున్నాను. వేయించిన వేరుశెనక్కాయలు తింటూ ఉన్నాను. పైన డ్యాము దగ్గర కరెంటు తయారుచేసేటప్పుడు నీళ్ళు జానెడు పెరుగుతాయని పుట్టి ఆయన చెప్పాడు గానీ నేను చెవిన పెట్టలేదు. చూస్తుండగానే మా ఆయన ఎడమ చెప్పు లేచి తేలుతూ పోతోంది. కొత్త చెప్పులు. ఇన్నేళ్ళ కాపలాలో నేను ఒక్క చెప్పు పోగొట్టలేదు. ఆ పౌరుషమే అనుకుంటాను, ఆలోచించకుండా లేచి దాని వెంట వెళ్ళాను. చెప్పు చేతికి దొరికింది. దొరికాక చూసుకుంటే మోకాళ్ళ పైదాకా నీళ్ళలో ఉన్నాను.

వెనక్కి రావాలి. రాలేదు. కాళ్ళ కింద ఇసక మెల్లగా జారుతోంది, చిన్న చేపపిల్లలు పిక్కల్ని పొడుస్తున్నాయి. భయం వేసింది, దానికంటే ఎక్కువగా ఏడుపొచ్చింది. ఇంత మామూలు విషయమా ఇది, దీనికా నన్ను ఇన్నేళ్ళు గట్టున కూర్చోబెట్టారు అనిపించింది. ముగ్గురూ నన్నే చూస్తున్నారు. మా ఆయన ఏదో అనబోతే వదిన ఆయన భుజం నొక్కింది.

సాయంత్రం పుట్టి ఆయన రెండు వాలుగ చేపలు తెచ్చాడు. వదిన రాళ్ళ పొయ్యి మీద పులుసు పెట్టింది, పక్కన జొన్నరొట్టెలు, నిప్పుల్లో కాల్చిన వంకాయతో పచ్చడి. పొద్దు వాలుతుంటే నీళ్ళన్నీ రాగి రంగయ్యాయి. మా ఆయన స్టీలు గ్లాసుల్లో వైను పోసి, ముందు వాసన చూడాలి, తర్వాత నాలిక మీద తిప్పాలి అని ఏదేదో చెప్పాడు. పుట్టి ఆయన ఒకే గుక్కలో తాగి, మర్యాదగా కాసేపు ఆగి, ఆవకాయ బాగుందండీ అన్నాడు. మా ఆయన మొహం చూడాలి అప్పుడు. కానీ నిజం చెప్పాలంటే, చేపల పులుసు పక్కన ఆ ఆవఘాటు చక్కగా కుదిరింది. నేను రెండు గ్లాసులు తాగాను. నేరేడు వగరు గొంతులో చాలాసేపు నిలిచింది.

రెండో గ్లాసు తర్వాత వదినకి అంతా చెప్పేశాను. కోపం సంగతి, భయం సంగతి, గుమ్మంలో ఏడ్చిన సంగతి. నాకు మా పెద్దమ్మ పేరు పెట్టారు. అమ్మకి అక్క, చిన్నతనంలోనే జ్వరంతో పోయిందట. ఆ పేరు పెట్టి మళ్ళీ ఈ గండం కూడా నా నెత్తినే రాయాలా అని దేవుణ్ణి తిట్టాను. వదిన జాతకాలు అబద్ధమని వాదించలేదు, ధైర్యం చెప్పలేదు. రేపు పొద్దున దిగుదాం అంది. అంతే.

మర్నాడు పొద్దున ఏడింటికి లంక కొసన ఉన్న పెద్ద బండ ఎక్కి కూర్చున్నాను, సిగ్నలు అక్కడే వస్తుందని. అమ్మ సమయం తప్పదు.

"మైలవరంలో అంత గాలేంటే?" అంది.

ఫ్యాను అన్నాను. చలికాలంలో ఫ్యానేంటని అడగలేదు. జాగ్రత్త అని మాత్రం చెప్పి పెట్టేసింది. నాకేమన్నా అయితే ఆమెకి తెలిసేది నా అబద్ధంతో పాటే కదా. ఆ తలపు గుండెలో ముల్లులా గుచ్చుకుంది. దిగొద్దు, ఇంటికి వెళ్ళిపోదాం అని బండ దిగి వచ్చాను. వదిన అప్పటికే చున్నీ నడుముకి బిగించి కట్టుకుని నీళ్ళలో నిలబడి చెయ్యి చాచి ఉంది. వెళ్ళి పట్టుకున్నాను.

మోకాళ్ళు, నడుము, ఛాతీ. ఒక్కో లోతు దగ్గరా ఆగి ఊపిరి తీసుకున్నాను. నీళ్ళు చల్లగా ఉన్నాయి, పళ్ళు టకటకలాడాయి. మెడలోతు వచ్చాక వదిన నా వీపు కింద ఒక చెయ్యి పెట్టి, రెండో చేత్తో నా చెయ్యి పట్టుకుని, వెనక్కి వాలమంది. మునిగాను, తాగాను, దగ్గాను, ఆవిణ్ణి తిట్టాను. ఆడపడుచుని తిట్టే అవకాశం ముప్ఫై ఏళ్ళకి వచ్చింది, బాగానే వాడుకున్నాను. పదోసారో పన్నెండోసారో వాలినప్పుడు చెవులు నీళ్ళలో మునిగి లోకంలో చప్పుడంతా ఆగిపోయింది. ఆకాశం తప్ప ఏమీ లేదు. వీపు కింద చెయ్యి ఎప్పుడు తీసేసిందో తెలియలేదు. నా చెయ్యి మాత్రం ఆవిడ గుప్పిట్లో ఉంది.

"వదిలెయ్ వదినా" అన్నాను.

వదిలేసింది. నేను తేలాను. ఎంతసేపో తెలియదు, మా ఆయన రెండు నిమిషాలంటాడు, వదిన పావుగంటంటుంది. నాకు అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. గట్టున మూడు జతల చెప్పులు, నాదీ కలిపి నాలుగు, ఎవరి కాపలా లేకుండా పడి ఉన్నాయి.

ఇంటికొచ్చిన రెండో రోజున బస్సెక్కి నందిగామ వెళ్ళాను. అన్నయ్య పొలం వెళ్ళాడు, వదిన, అంటే అన్నయ్య భార్య, బజారుకి వెళ్ళింది. అమ్మ వరండాలో చాప మీద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. చిన్న సీసాలో వైను తీసుకెళ్ళాను. షుగరుకి నేరేడు రసం మంచిదని ఒక మూతెడు పోసిచ్చాను. చప్పరించి నా మొహంలోకి చూసింది.

"ఇది నేనిచ్చిన జాడీయేనా?" అంది.

నవ్వేశాను. అమ్మ నవ్వలేదు. నా ముక్కు వైపు చూస్తోంది. రెండు రోజుల ఎండకి ముక్కు మీద తోలు ఊడుతోంది.

"ఏటికి వెళ్ళావా?" అంది.

దారి పొడుగునా బస్సులో జవాబు తయారు చేసుకున్నాను. యాభై నాలుగేళ్ళు నన్ను గట్టున కూర్చోబెట్టావు, ఏమైంది ఇప్పుడు, బతికే ఉన్నాగా అని గట్టిగా అడగాలనుకున్నాను. ఆ గొంతు వినేసరికి అదంతా పోయింది. వెళ్ళా, మెడలోతు దిగా అన్నాను. తిడుతుందని, లేదా ఏడుస్తుందని చూశాను. అమ్మ ఒక చిక్కుడుకాయ తీసుకుని ఈనె తీయకుండా చేతిలో పట్టుకుంది.

"నీ జాతకంలో నీటిగండం లేదే. నేనే పెట్టా" అంది.

నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత ఒళ్ళు మండింది. అమ్మ నా వైపు చూడకుండా చెప్పుకుపోయింది. పెద్దమ్మ జ్వరంతో పోలేదట. మునేరు అవతల అమ్మ పుట్టింటి వాళ్ళకి మిరపచేను ఉండేది. అక్కాచెల్లెళ్ళిద్దరూ రోజూ మోకాళ్ళలోతు నీళ్ళలో దాటి తాతయ్యకి అన్నం క్యారేజీ తీసుకెళ్ళేవాళ్ళు. ఒక రోజు పైన ఎక్కడో వాన పడింది. ఏటి మధ్యకి వచ్చేసరికి నీళ్ళు పెరిగాయి. అక్క చెల్లెలి చెయ్యి పట్టుకుంది. చెల్లెలికి ఎనిమిదేళ్ళు. కాలు జారగానే భయపడి, రెండు చేతులతో పక్కన రాళ్ళకి చిక్కుకున్న తుమ్మకొమ్మ పట్టుకుంది. కొమ్మ పట్టుకోవాలంటే అక్క చెయ్యి వదలాలి. వదిలింది. ఆ తర్వాత అమ్మ ఏ నీళ్ళలోనూ కాలు పెట్టలేదు. పుష్కరాల్లో చెంబునీళ్ళు పోసుకున్నది నాకు తోడుగా కాదు.

నేను పుట్టినప్పుడు ఆ పేరే పెట్టుకుంది. నాన్న నన్ను కూడా ఈతకి తీసుకెళ్తానని అప్పుడే అనేవాడట. నాన్న ఎవరు చెప్పినా వినే మనిషి కాదు, జాతకం మాట ఒక్కటే వినేవాడు. అందుకని జాతకం రాసినాయన వెళ్ళిపోయాక, ఆయన ఇలా చెప్పాడని ఇంట్లో వాళ్ళకి అమ్మే చెప్పింది. ఒకసారి చెప్పాక వెనక్కి తీసుకోవడం కుదరలేదంది.

కోపం రావలసింది. వచ్చింది కూడా, కానీ నిలవలేదు. గుమ్మంలో నా మణికట్టు మీద గాజుల అచ్చులు ఎందుకు పడేవో అప్పటికి తెలిసింది. ఆ చెయ్యి నన్ను కాదు పట్టుకున్నది. అమ్మ అడిగింది.

"నీ చెయ్యి ఎవరు పట్టుకున్నారు?"

"మైలవరం వదిన పట్టుకుంది."

"వదల్లేదుగా?"

"వదిలింది. నేనే వదిలెయ్యమన్నా."

రోడ్డు మీద ట్రాక్టరు ఒకటి మిరపబస్తాలతో వెళ్ళింది, అమ్మ అది మలుపు తిరిగేదాకా అటే చూసింది.

"వదిలినా ఏం కాలేదా?" అంది.

"ఏం కాలేదమ్మా. తేలా" అన్నాను.

అమ్మ తల ఊపింది. చిక్కుడుకాయ కింద పెట్టి నా చెయ్యి అందుకుంది. చిన్నప్పటంత గట్టిగా కాదు, ఊరికే పట్టుకుని కూర్చుంది. కాసేపటికి తనే వదిలేసి, మళ్ళీ ఈనెలు తీయడం మొదలుపెట్టింది.